సుదిర్మాన్: ఒక్క ఊపిరితిత్తితో 7 నెలల యుద్ధం.. డోలీలోనే సైన్యాన్ని నడిపించిన జనరల్!

నడవలేడు. గట్టిగా ఊపిరి తీసుకోలేడు. అయినా ఆయన్ను పట్టుకోవడం డచ్ సైన్యం వల్ల కాలేదు. ఆయనే ఇండోనేషియా తొలి సైన్యాధిపతి జనరల్ సుదిర్మాన్.

1916లో మధ్య జావాలో పుట్టిన సుదిర్మాన్ అసలు బడిపంతులు. చిలాచాప్‌లో ఓ స్కూల్‌కి హెడ్‌మాస్టర్‌గానూ చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆ దేశాన్ని ఆక్రమించాక, వాళ్లు పెట్టిన స్థానిక దళంలో చేరి యుద్ధవిద్య నేర్చుకున్నారు.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. రెండు రోజులకే, ఆగస్టు 17న సుకర్ణో, హట్టా స్వాతంత్ర్యం ప్రకటించేశారు. కానీ పాత యజమాని ఊరుకుంటాడా? జపాన్ వాళ్ల ఆయుధాలు తీసుకునేందుకంటూ ముందు బ్రిటిష్ సేనలు దిగాయి. ఆ సేనల్లో మన భారతీయ సైనికులూ ఉన్నారు. వాళ్ల వెనకే డచ్ వాళ్లు మళ్లీ వచ్చేశారు.

ఆ నవంబర్‌లో కమాండర్లంతా ఓటేసి సుదిర్మాన్‌ను సైన్యాధిపతిగా ఎన్నుకున్నారు. అప్పటికి వయసు 29 ఏళ్లే! డిసెంబర్‌లో అంబరావాలో బ్రిటిష్ సేనలను వెనక్కి తరిమారు.

డచ్ వాళ్లు ఒప్పందాలు చేసుకుంటూనే 1947 జూలైలో దాడికి దిగారు. ఇంతలో సుదిర్మాన్‌కు క్షయ సోకింది. 1948లో ఆపరేషన్ చేశాక ఆయనకు మిగిలింది ఒక్క ఊపిరితిత్తే.

1948 డిసెంబర్ 19.. తెల్లవారుతూనే రిపబ్లిక్ రాజధాని యోగ్యకర్త మీద డచ్ పారాట్రూపర్లు దిగారు. నగరంలోనే ఉండి వైద్యం చేయించుకోమని సుకర్ణో చెప్పినా సుదిర్మాన్ వినలేదు. సుకర్ణో, హట్టా అరెస్టయ్యారు. సుదిర్మాన్ మాత్రం కొద్దిమందితో కొండల్లోకి వెళ్లిపోయారు.

అసలు పోరాటం అక్కడే మొదలైంది. మనుషులు డోలీలో మోస్తుంటే, ఊరూరూ మకాం మారుస్తూ 7 నెలలు గెరిల్లా యుద్ధం నడిపించారు. నాయకులు ఖైదులో ఉన్నా రిపబ్లిక్ బతికే ఉందని చూపించడమే లక్ష్యం. 1949 మార్చి 1న గెరిల్లాలు యోగ్యకర్తలోకి చొచ్చుకెళ్లి 6 గంటల పాటు నగరాన్ని చేతిలో పెట్టుకున్నారు. గెలుపు పూర్తయిందన్న డచ్ వాదన అక్కడే తేలిపోయింది.

మరోవైపు ప్రపంచం కూడా కదిలింది. 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో ఆసియా దేశాలను సమావేశపరిచి డచ్ దాడిని ఖండించారు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూడా ఖైదీలను వదలమని తీర్మానం చేసింది. దాంతో డచ్ వాళ్లు చర్చలకు దిగొచ్చారు.

చర్చల మీద సుదిర్మాన్‌కు పెద్దగా నమ్మకం లేదు. అయినా నచ్చజెప్పడంతో జూలై 10న యోగ్యకర్తకు తిరిగొచ్చారు. అప్పటికే బాగా చిక్కిపోయారు.

1949 డిసెంబర్ 27న ఇండోనేషియా సార్వభౌమత్వాన్ని నెదర్లాండ్స్ గుర్తించింది. ఆ గెలుపును సుదిర్మాన్ చూడగలిగింది నెల రోజులే. 1950 జనవరి 29న మాగెలాంగ్‌లో కన్నుమూశారు. వయసు 34 ఏళ్లు. ఇప్పుడు జకార్తా నడిబొడ్డున ఉన్న ప్రధాన రహదారికి ఆయన పేరే!