నాటకశాలలో ఒక గురువుగారి కుమార్తె
సేవకుల పిల్లలు సేవలోకే రావాలని మన సంఘాలు ఆశిస్తాయి. వేరే పని ఎంచుకుంటే దారి తప్పారని బాధపడతాం. ప్రియులారా, అలా తీర్పు తీర్చేముందు సిబిల్ థార్న్‌డైక్ జీవితాన్ని ఒకసారి చూద్దాం.

1882లో ఇంగ్లాండులోని గెయిన్స్‌బరోలో ఆమె జన్మించారు. తండ్రి ఆంగ్లికన్ గురువు, రోచెస్టర్ కథీడ్రల్‌లో పరిచర్య చేశారు. సిబిల్ మొదట పియానో నేర్చుకున్నారు. మణికట్టు సహకరించక ఆ ఆశ వదులుకొని నాటకరంగానికి వెళ్లారు. మొదటి ప్రపంచయుద్ధానికి నటులు తరలిపోగా, లండన్ ఓల్డ్ విక్‌లో షేక్‌స్పియర్ నాటకాల మగ పాత్రలు కూడా వేశారు. ఆ యుద్ధమే ఆమె తమ్ముడు ఫ్రాంక్‌ను బలితీసుకుంది.

1924లో బెర్నార్డ్ షా నాటకంలో జోన్‌గా లండన్‌ను కదిలించారు. 1928 నాటి మూగచిత్రం 'డాన్'లో నర్సు ఈడిత్ కావెల్‌గా నటించారు. మిత్రపక్ష సైనికులను తప్పించినందుకు జర్మన్లు కాల్చిచంపిన కావెల్ కూడా గురువుగారి కుమార్తే.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, పేరు ప్రఖ్యాతులున్న ఆ వయసులో, భర్త లూయిస్ కాసన్‌తో కలిసి వేల్స్ బొగ్గుగనుల ఊళ్లకు వెళ్లి కార్మికుల ముందు నాటకాలాడారు. కడవరకు విశ్వాసంలో నిలిచారు. 1976లో మరణించాక ఆమె చితాభస్మాన్ని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉంచారు.

ఒక తలాంతు చేజారినా, మిగిలినదాన్ని ఆమె భూమిలో దాచలేదు. మన పిల్లల తలాంతు ప్రసంగపీఠానికి పనికిరానిదైనా కావచ్చు. దాన్ని పాతిపెట్టే చేతులు మాత్రం మనవి కాకూడదు.