గడియారం లేకుండా గుండు వేగం కొలిచినవాడు

ఫస్టియర్ ఫిజిక్స్‌లో బాలిస్టిక్ పెండ్యులం లెక్క చెయ్యకుండా ఇంజనీరింగ్ గట్టెక్కినవాళ్ళు మనలో ఎవరూ ఉండరు. వేలాడే చెక్క దిమ్మ, అందులోకి దూసుకెళ్ళి ఇరుక్కుపోయే గుండు. దిమ్మ ఎంత ఎత్తు లేచిందో ఇచ్చి గుండు వేగం కనుక్కోమంటారు. ఫార్ములా వేస్తాం, ఆన్సర్ కింద రెండు గీతలు గీస్తాం, పేజీ తిప్పేస్తాం. ఆ దిమ్మని నిజంగా వేలాడదీసి, నిజంగా తుపాకీ పేల్చి, నిజంగా అంకెలు రాబట్టిన మనిషి ఒకడున్నాడని మనకెవరూ చెప్పరు. ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండులో పుట్టి, మద్రాసు కోటకి ప్లాన్లు గీయడానికి వచ్చి, మన తూర్పు తీరంలోనే కన్నుమూశాడు.

రాబిన్స్ 1707లో బాత్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి దర్జీ. ఇంట్లో డబ్బు లేదు. వాళ్ళది క్వేకర్ కుటుంబం. యుద్ధం చెయ్యకూడదు, ఆయుధం పట్టకూడదు అని నమ్మే శాఖ అది. అలాంటి ఇంట్లో పుట్టినవాడు తుపాకుల శాస్త్రానికి ఆద్యుడయ్యాడంటే విధి విచిత్రం అనాలి. పెద్దయ్యాక ఆ మతాచారాన్ని ఆయన వదిలేశాడు.

యూనివర్సిటీ గడప తొక్కలేదు. లెక్కలు తనంతట తనే నేర్చుకున్నాడు. ఆయన రాసిన కాగితాలు లండన్‌లో హెన్రీ పెంబర్టన్ అనే పండితుడి చేతికి చేరాయి. న్యూటన్ ప్రిన్సిపియా మూడో ముద్రణకి సంపాదకుడు ఆయనే. కుర్రాడిలో సరుకుందో లేదో చూద్దామని కొన్ని లెక్కలు పంపాడు. కుర్రాడు చేసి పంపాడు. దాంతో లండన్ రమ్మన్నారు. 1727లో, అంటే ఇరవయ్యేళ్ళకే, రాబిన్స్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. మరుసటి ఏడాది, గుద్దుకునే వస్తువుల విషయంలో యోహాన్ బెర్నూలీ అంతటివాడి వాదాన్ని తప్పుపడుతూ రాశాడు. గుద్దుకున్నప్పుడు ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్న ఆ గొడవని కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

బతుకుతెరువుకి ప్రైవేటుగా లెక్కలు చెప్పేవాడు. కొన్నాళ్ళకి కూర్చుని పాఠాలు చెప్పడం విసుగేసి ఇంజనీరింగ్ వైపు మళ్ళాడు. వంతెనలు, మిల్లులు, రేవులు, ఊబినేలల్లో నీళ్ళు తోడటం, కోటలు, వీటి మీద మనసు పెట్టాడు. రాజకీయాల్లోనూ వేలు పెట్టి, ప్రధాని వాల్పోల్‌కి వ్యతిరేకంగా కరపత్రాలు రాశాడు. 1741లో వూలిచ్‌లో సైనిక అకాడమీ పెట్టినప్పుడు అక్కడ ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందని ఆశపడ్డాడు. రాలేదు. మరుసటి ఏడాది ఆయన పుస్తకం ఒకటి వచ్చింది. పేరు న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ. ఆ ఉద్యోగం ఎవరికి దక్కిందో ఇవాళ ఎవరికీ పట్టదు. ఈ పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆ పుస్తకంలో అంత గొప్పేముంది? అప్పటిదాకా ఫిరంగి శాస్త్రం అంటే గెలీలియో పారబోలా. గుండు గాల్లో పారబోలా గీస్తుంది, గాలి నిరోధం లెక్కలోకి రానంత చిన్నది అని పుస్తకాలు చెప్పేవి. పట్టికలన్నీ ఆ నమ్మకం మీదే కట్టారు. నిజమో కాదో తేల్చాలంటే గుండు వేగం తెలియాలి. అక్కడే చిక్కు. అప్పటి మంచి గడియారం కూడా సెకన్లు లెక్కపెట్టేది. తుపాకీ గుండు వంద గజాల దూరాన్ని సెకనులో నాలుగో వంతులోపే దాటేస్తుంది. కన్ను చూడలేదు, చెవి పట్టలేదు, గడియారం అందుకోలేదు. మరి కొలిచేదెలా?

రాబిన్స్ తెలివి ఏమిటంటే, గడియారాన్ని వేగవంతం చెయ్యడానికి ప్రయత్నించలేదు. గుండునే నెమ్మది చేశాడు. బరువులు ఎత్తడానికి వాడే మూడుకాళ్ళ స్టాండుకి ఒక ఇనుప లోలకం వేలాడదీశాడు. దాని ముఖానికి దళసరి చెక్క బిగించాడు. లోలకం బరువు 56 పౌన్ల 3 ఔన్సులు. గుండు బరువు పౌనులో పన్నెండో వంతు. గుండు వచ్చి చెక్కలో దిగబడితే ఆ వేగమంతా బరువైన లోలకంలో పంచుకుపోయి, కంటికి కనిపించేంత నింపాది ఊపుగా మారుతుంది. లోలకం అడుగున ఒక రిబ్బన్ కట్టి, దాన్ని రెండు ఉక్కు అంచుల సందులోంచి పోనిచ్చాడు. లోలకం వెనక్కి ఊగినంత మేర రిబ్బన్ బయటికి లాగబడుతుంది, తిరిగి లోపలికి పోదు. ఆ రిబ్బన్ పొడవు కొలిస్తే చాలు. ఆయన ఇచ్చిన ఉదాహరణలో రిబ్బన్ 17¼ అంగుళాలు వచ్చింది. దాన్నిబట్టి గుండు వేగం సెకనుకి 1641 అడుగులు. మన లెక్కలో దాదాపు 500 మీటర్లు.

ఇక్కడే చాలామంది వైవాలో దొరికిపోతారు. గుండు శక్తి అంతా దిమ్మ ఎత్తులోకి మారిందనుకుని లెక్క మొదలుపెడితే ఆన్సర్ గోదాట్లో కలిసినట్టే. గుద్దుకున్నప్పుడు నిలిచేది మొమెంటం. శక్తిలో చాలా భాగం చెక్క చీలడానికి, వేడెక్కడానికి పోతుంది. రాబిన్స్ కొలతలతో లెక్కవేస్తే, గుండు తెచ్చిన శక్తిలో ఊపుగా మిగిలేది దాదాపు 500లో ఒక వంతే. ఇరవయ్యొకటో ఏట బెర్నూలీతో పెట్టుకున్న గొడవ ఊరికే పోలేదన్నమాట.

పరికరం చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ, అది ఎక్కడెక్కడ అబద్ధం చెప్పగలదో రాబిన్స్‌కి తెలుసు. తుపాకీని మరీ దగ్గర పెడితే మందు పొగ, దాని గాలి తాకిడి కూడా లోలకాన్ని తోస్తాయి. గుండు దిగిన ప్రతిసారీ లోలకం బరువు పెరుగుతుంది. గుండు ఇరుసుకి ఎంత దూరంలో తగిలిందన్నది ప్రతిసారీ కొలవాలి. వీటన్నిటికీ లెక్క సరిచేసుకున్నాడు. మనం ల్యాబ్ రికార్డులో ప్రికాషన్స్ అని సీనియర్ల దగ్గర్నుంచి కాపీ కొట్టే నాలుగు లైన్లు ఉంటాయే, ఆయనకి అవే అసలు పని.

తర్వాత ఆయన చేసిన పని ఇంకా గట్టిది. అదే తుపాకీ, అదే మందు, అంతే గుండు. లోలకాన్ని మాత్రం 25 అడుగులు, 75 అడుగులు, 125 అడుగుల దూరాల్లో పెట్టి పేల్చాడు. వేగాలు సుమారుగా సెకనుకి 1670, 1550, 1425 అడుగులు వచ్చాయి. అంటే ప్రతి 50 అడుగులకీ 120 అడుగుల పైచిలుకు వేగం హరించుకుపోతోంది. కాలిక్యులేటర్ తీసి చూడండి. ఆ తగ్గుదల గురుత్వ త్వరణానికి దాదాపు 120 రెట్లు. పన్నెండో వంతు పౌను బరువున్న గుండుని గాలి పది పౌన్ల బలంతో వెనక్కి నెడుతోందన్నమాట! లెక్కలోకి రానంత చిన్నదని పుస్తకాలు చెప్పిన గాలి నిరోధం ఇదే.

పారబోలా ప్రకారం చూస్తే సెకనుకి 1650 అడుగుల వేగంతో 45 డిగ్రీల కోణంలో వదిలిన గుండు 16 మైళ్ళు పోవాలి. నిజానికి 24 పౌన్ల ఫిరంగి గుండు మూడు మైళ్ళు కూడా పోదు. వేగం ధ్వని వేగాన్ని దాటే చోట నిరోధం ఉన్నట్టుండి పెరిగిపోవడం కూడా ఆయన గమనించాడు. సూపర్‌సానిక్ అనే మాట పుట్టడానికి చాలా ముందు సంగతి ఇది.

ఈ పుస్తకాన్ని జర్మన్‌లోకి తెచ్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆయిలర్. అంతకుముందు 1739లో ఆయిలర్ పుస్తకం మీద రాబిన్స్ ఘాటుగా విమర్శ రాశాడు. అయినా ఆయిలర్ ఆ కోపం మనసులో పెట్టుకోలేదు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కోసం 1745లో రాబిన్స్ పుస్తకాన్నే అనువదించి, మూలాన్ని మించిపోయేంత వ్యాఖ్యానం జోడించాడు. దాని ఫ్రెంచి రూపాన్ని నెపోలియన్ కుర్ర ఆఫీసరుగా ఉన్నప్పుడు చదువుకున్నాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయిలర్ ఒప్పుకోలేదు. గుండు పక్కకి ఎందుకు ఒంపు తిరుగుతుంది? అది తిరగలిలా తన చుట్టూ తాను తిరుగుతూ పోవడం వల్ల అని రాబిన్స్ చెప్పాడు. గుండు నున్నగా లేకపోవడం వల్ల అని ఆయిలర్ అనుకున్నాడు. రాబిన్స్ ఒక తుపాకీ గొట్టం కొసని ఎడమకి వంచి, దారిలో పలచటి కాగితపు తెరలు కట్టి పేల్చాడు. గుండు మొదట ఎడమకే వెళ్ళింది. తర్వాత తిరుగుడు వల్ల కుడికి ఒంపు తిరిగింది. రాబిన్స్ మాటే నెగ్గింది. కానీ వందేళ్ళ తర్వాత ఇదే విషయం మీద పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ పేరే దానికి స్థిరపడింది. మన స్పిన్నర్ వేసిన బంతి గాల్లో పక్కకి జరిగినప్పుడు కామెంటేటర్ డ్రిఫ్ట్ అంటాడు చూడండి, అదే ఇది. గొట్టం లోపల మెలి గాడులు చెక్కిన రైఫిల్‌ని బాగా అర్థం చేసుకున్న దేశానిదే రేపు పైచేయి అని కూడా 1747లోనే చెప్పాడు. వందేళ్ళు దాటాక గానీ సైన్యాలు దాన్ని పూర్తిగా చేపట్టలేదు. ఈ ప్రయోగాలకి రాయల్ సొసైటీ 1746లో కోప్లీ మెడల్ ఇచ్చింది.

మరి ఇవాళ ఎవరైనా షూటింగ్ రేంజ్‌లో గుండు వేగం కొలవాలంటే? రాబిన్స్ తర్వాత 1860లలో బెల్జియం సైనికాధికారి లె బులాంజే కరెంటు తీగలతో క్రోనోగ్రాఫ్ చేశాడు. మొదటి తీగ తెగితే ఒక కడ్డీ రాలుతుంది, రెండో తీగ తెగితే ఇంకో కడ్డీ రాలి ఒక కత్తిని విడుదల చేస్తుంది, ఆ కత్తి మొదటి కడ్డీ మీద గంటు పెడుతుంది. గంటు ఎంత ఎత్తులో పడిందో చూస్తే కాలం తెలుస్తుంది.

ఇప్పుడు మార్కెట్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. ఒకటి, రెండు సెన్సర్ల మీదుగా గుండు నీడ పోయే ఆప్టికల్ రకం. చవక. కానీ వెలుతురు తక్కువైనా, ఎండ వాలుగా పడినా రీడింగ్ తప్పొచ్చు. గురి తప్పితే గుండు పరికరానికే తగులుతుంది. సెన్సర్ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లయితే, అందులో 3 మిల్లీమీటర్ల తేడా వచ్చినా వేగంలో ఒక శాతం తప్పు. సెకనుకి 800 మీటర్ల గుండుకి అది 8 మీటర్లు. రెండు, గొట్టానికి కట్టే అయస్కాంత సెన్సర్. వెలుతురుతో పని లేదు. కానీ గొట్టానికి బరువు తగిలించాం కాబట్టి గుండు తగిలే చోటు మారొచ్చు. మూడు, డాప్లర్ రాడార్. ఖరీదెక్కువ. కానీ గుండుని గానీ గొట్టాన్ని గానీ తాకదు. దూరం పోయేకొద్దీ వేగం ఎంత తగ్గుతోందో చూపించేవి కూడా వీటిలో ఉన్నాయి. రాబిన్స్ లోలకాన్ని మూడు చోట్లకి మోసుకెళ్ళి తెలుసుకున్నది అదే కదా! ఏది కొనాలన్నది బడ్జెట్ ఒక్కటే తేల్చదు. నాకు ఏ ప్రశ్నకి జవాబు కావాలి, ఈ పరికరం ఎక్కడ తప్పు చెప్తుంది, ఆ తప్పు నా ప్రశ్నని పాడుచేసేంతదా? ఈ మూడూ అడిగాకే ధర చూడాలి.

మళ్ళీ రాబిన్స్ దగ్గరికి వద్దాం. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసుని పట్టుకున్నారు. 1749లో ఒప్పందం ప్రకారం తిరిగిచ్చారు. పోయిన కోట తిరిగొచ్చింది గానీ, ఆ గోడలు ఫిరంగులకి ఆగవని తేలిపోయింది. ఈస్టిండియా కంపెనీ కోటలన్నీ చక్కదిద్దడానికి రాబిన్స్‌ని ఇంజనీర్ జనరల్‌గా పెట్టుకుంది. ఓడెక్కి 1750 జులైలో ఇక్కడికి చేరాడు. అప్పటికి కంపెనీ తీరప్రాంత పాలన కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోట నుంచి నడిచేది. అక్కడికీ మద్రాసుకీ ప్లాన్లు గీశాడు. రెండు నెలలకే జ్వరం పట్టుకుంది. కోలుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. ఒళ్ళు మళ్ళీ తిరగబెట్టింది. 1751 జులై 29న సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. అప్పటికి వయసు 44. గీసిన కోటలు కట్టడం చూడలేదు. నెల తిరక్కుండా క్లైవ్ మద్రాసు నుంచి ఆర్కాటు మీదికి బయల్దేరాడు. ఆ తర్వాత కథ మన చరిత్ర పుస్తకాల్లో ఉంది.

ఈయన్ని మెచ్చుకోవాలా వద్దా అన్నది తేలిగ్గా తెగే ప్రశ్న కాదు. ఆయన కొలత ఎవరికి పనికొచ్చిందంటే ముందు రాజులకి, కంపెనీలకి. మనల్ని ఏలడానికి వచ్చినవాళ్ళ జీతం మీదే ఆయన ఇక్కడ చనిపోయాడు. అదే మనిషి గాలి నిరోధం కొలవడానికి చేసిన తిరుగుడు చెయ్యి పరికరాన్ని, తర్వాత కేలీ, లిలియంతాల్ లాంటివాళ్ళు విమానపు రెక్కలు పరీక్షించడానికి వాడుకున్నారు. కొలతకి పక్షం ఉండదు, కొలిచే పని ఇచ్చినవాడికి ఉంటుంది. రేపు ప్లేస్‌మెంట్లలో మనకీ ఎవరో ఒకరు ఆ పని ఇస్తారు. అప్పుడు రీడింగ్ ఎంత వచ్చిందన్నదే కాదు, ఎవరి కోసం తీస్తున్నామన్నదీ రికార్డులో ఒక కాలమ్‌గా పెట్టుకుంటే మంచిది.