కనబడని పనివాడు: జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్

కంప్యూటర్ శాస్త్రం అభ్యసించే విద్యార్థులకు ‘డీమన్’ అనే పదం పరిచితమే. తెరపై ఏ విండోనూ చూపక, నేపథ్యంలో నిలిచి, నియమిత సమయానికి మేల్కొని, తన పని ముగించి మరల నిద్రించే ప్రోగ్రామును ఆ పేరుతో పిలుస్తారు. ఈ పేరుకు మూలపురుషుడు కంప్యూటర్లు పుట్టక పూర్వమే కన్నుమూసిన భౌతికశాస్త్రవేత్త. ఆ మహనీయుని జీవితాన్ని సంగ్రహంగా పాఠకుల ముందుంచదలచాము.

జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1831 జూన్ 13న స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించారు. ఆ జన్మగృహం ఉన్న వీధి పేరు ఇండియా స్ట్రీట్ అని తెలిసినప్పుడు మనకు ఒకింత ముచ్చట కలుగక మానదు. బాల్యం గ్లెన్‌లేర్ అనే పల్లెసీమలో గడిచింది. మూడేండ్లు నిండకముందే ఆ పసివాడు తలుపులను, తాళాలను పరిశీలించడమే గాక, ఇంటి గంటలను మ్రోగించే తీగలు గోడల చాటున ఏ దారిని పోతున్నవో చూపమని పెద్దలను వేధించేవాడు. మ్రోగే గంట కంటె దాగిన తీగ మీదనే ఆయన దృష్టి.

ఎనిమిదవ ఏట తల్లిని కోల్పోయారు. పాఠశాలలో ఆయన వేషభాషలను చూచి తోటివారు వెర్రివాడని ఎగతాళి చేశారు. ఆ వెర్రివాడే 14వ ఏట అండాకార వక్రరేఖలపై వ్యాసం వ్రాయగా, రచయిత మరీ చిన్నవాడగుటచే 1846లో ఎడింబరో రాయల్ సొసైటీలో ఆచార్య ఫోర్బ్స్ దానిని చదివి వినిపించారు. పిదప కేంబ్రిడ్జి చదువు, అబర్డీన్‌లో ఆచార్యపదవి. అక్కడి రెండు కళాశాలలు 1860లో విలీనమైనప్పుడు ఆ పదవి పోయింది. లండను చేరి, కాంతి విద్యుదయస్కాంత తరంగమని 1865లో ప్రకటించిన సిద్ధాంతం పాఠ్యగ్రంథాలలో ఉన్నదే గనుక ఇక్కడ విస్తరించము.

మా ప్రస్తుతాంశానికి ముఖ్యమైనది 1867 నాటి ఊహ. వాయువు నిండిన రెండు గదుల నడుమ చిన్న ద్వారం. దానివద్ద ఒక సూక్ష్మజీవి కావలి. వేగం గల అణువులను ఒక వైపునకు, మందగమనం గలవానిని మరొక వైపునకు అది పంపుచుండును. శ్రమవ్యయం లేకనే ఒక గది వేడెక్కును, రెండవది చల్లబడును. ఉష్ణగతిశాస్త్రపు రెండవ నియమం సంభావ్యతపై ఆధారపడినదని తెలుపుటకే ఈ కల్పన. ఆ కావలివానికి 1874లో విలియం థామ్సన్ ‘డీమన్’ అని నామకరణం చేశారు. మాక్స్‌వెల్ మాత్రం దానిని కేవలం కవాటంగా భావించుటయే మేలనుకొన్నారు.

1963లో అమెరికాలో ఎం.ఐ.టి. వారి ప్రాజెక్ట్ మాక్ బృందం తెర వెనుక శ్రమించే ప్రోగ్రాములకు ఈ పేరునే స్వీకరించింది. ఫైళ్ళను తనంతట తానే టేపులపైకి నకలు తీసే ప్రోగ్రాము అట్టివానిలో మొదటిదిగా చెప్పబడుతున్నది. ఇట్టి ప్రోగ్రాము సమయమైనదా అని క్షణక్షణమూ తిరుగుచుండిన యంత్రశక్తి వృథా. టైమరుకు బాధ్యత నప్పగించి నిద్రించవలెను. ఒక విడత పని ముగియకమునుపే రెండవ విడత మొదలుకాకుండ అడ్డు ఉండవలెను. విండో లేదు గనుక పొరపాటు జరిగినా చూచువారు లేరు. అందుచేత ప్రతి విడత ఫలితాన్నీ లాగ్ ఫైలులో వ్రాసిపెట్టడం తప్పనిసరి. లేనిచో నకలు ఆగిపోయిన సంగతి, అసలు ఫైలు పోయిన నాడే తెలియును!

1871లో మాక్స్‌వెల్ కేంబ్రిడ్జిలో కావెండిష్ ఆచార్యులైనారు; ప్రయోగశాల 1874లో వెలసింది. తన పరిశోధనకు చెందవలసిన చివరి సంవత్సరాలను ఆయన హెన్రీ కావెండిష్ ప్రకటించక విడిచిన విద్యుత్పరిశోధనలను పరిష్కరించుటకు వెచ్చించారు. ఇది విజ్ఞానానికి నష్టమనువారు కలరు, మేము అంగీకరింపజాలము. నూరేండ్లు మరుగున పడిన శ్రమను ఆయన గాక వెలికి తీయగలవా రెవ్వరు? ఆ గ్రంథం 1879లో వెలువడింది. అదే ఏడు నవంబరు 5న, తల్లిని బలిగొన్న ఉదర క్యాన్సరుతోనే, 48వ ఏట మాక్స్‌వెల్ మరణించారు. ఆయన చెప్పిన తరంగాలను హెర్ట్జ్ ప్రయోగపూర్వకంగా చూపునప్పటికి మరి ఎనిమిదేండ్లు గడచినవి.