ఆగస్టు 29: వంశధార గట్టున పుట్టిన గిడుగు వారి రోజు

పాతపట్నం, ఆగస్టు 28 (మా విలేకరి): రేపు ఆగస్టు 29. ఈ తేదీకి చరిత్రలో చాలా ముడులున్నాయి. 1831లో ఇదే రోజున ఇంగ్లండులో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు ఇనుప కడియానికి రాగి తీగ చుట్టి, అయస్కాంత బలంతో కరెంటు పుట్టించవచ్చని కనిపెట్టాడు. ఆయన మొదట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకున్న కుర్రవాడు. నేడు మన పొలాల్లో మోటార్లు తిరుగుతున్నా, ఇళ్లలో దీపాలు వెలుగుతున్నా ఆనాటి ప్రయోగమే మూలం. 1905లో ఇదే రోజున అలహాబాదులో హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ జన్మించారు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లలో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన జట్లలో ఆయన ఆడారు. 1947లో ఇదే రోజున స్వతంత్ర భారత రాజ్యాంగం ముసాయిదా తయారుచేయడానికి సంఘాన్ని వేశారు. మరునాడే డాక్టర్ అంబేద్కర్ దానికి అధ్యక్షులయ్యారు.

ఇవన్నీ లోకమెరిగిన సంగతులు. ఈ తేదీన పుట్టిన మన జిల్లా మనిషి సంగతి మాత్రం మన పల్లెల్లోనే సగం మందికి సరిగా తెలియదు. ఆయన కీ.శే. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. పేరు తెలిసినవారు కూడా తెలుగు భాషా దినోత్సవం అనే మాటతో సరిపెట్టుకుంటారు. ఆయన చేసిందేమిటో, అందుకు పడ్డ పాట్లేమిటో చెప్పుకోవలసి ఉంది.

శ్రీకాకుళానికి ఇరవై మైళ్ల దూరాన, శ్రీముఖలింగ క్షేత్రం దగ్గర, వంశధార ఒడ్డున పర్వతాలపేట అనే చిన్న ఊరుంది. 1863 ఆగస్టు 29న రామమూర్తి గారు అక్కడ పుట్టారు. తండ్రి వీర్రాజు గారు శిస్తు వసూలు చేసే సముద్దారు. తల్లి వెంకమ్మ గారు. చోడవరానికి బదిలీ అయిన తండ్రి అక్కడే విషజ్వరంతో పోయారు. అప్పటికి రామమూర్తి గారు పట్టుమని పన్నెండేళ్ల పిల్లవాడు. మేనమామ గారి ఆదరణతో విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు సాగింది. అక్కడ తోటి విద్యార్థి ఎవరో కాదు, తర్వాత కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారే. ఒక బడిలో చదివిన ఇద్దరు కుర్రవాళ్లు తెలుగు రాతను మార్చే పనికి పూనుకోవడం మన ఉత్తరాంధ్ర చేసుకున్న పుణ్యం.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఇల్లు గడవాలి గనుక పై చదువు ఆపి, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూలులో ముప్పై రూపాయల జీతం మీద మాస్టరుగా చేరారు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా పరీక్షలకు కట్టి బి.ఎ. పూర్తిచేశారు. ముఖలింగం గుడి రాళ్ల మీద ఉన్న శాసనాలను ఎవరూ నేర్పకుండానే పుస్తకాలు తెప్పించుకుని చదవగలిగారు. ముప్పై ఏళ్ల నౌకరీ తర్వాత 1911లో పదవి నుంచి తప్పుకున్నారు.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లో సవరలున్నారు. సీతంపేట, మెళియాపుట్టి, మందస వైపు వారిని ఎరగని వారు లేరు. కొండ దిగి ఊళ్లోకి వచ్చిన సవరలు మాట్లాడుకుంటుంటే ఈ మాస్టరుగారు విన్నారు. అది తెలుగూ కాదు, ఒరియా కాదు. భాష రానివాడు సంతలోనైనా కచేరీలోనైనా మధ్యవర్తి నోటి మీద ఆధారపడవలసిందే. ఆ మధ్యవర్తి ఏం చెబితే అదే వాడి మాట. రామమూర్తి గారు సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి సవర గూడేలు తిరిగారు. అక్కడి మన్యం జ్వరానికి క్వినైను మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నారు. ఆ చెవుడు జీవితాంతం వదలలేదు. మాటల శబ్దాలను పట్టుకునే పనిలో ఉన్న మనిషికి చెవులే పోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

అయినా పని ఆపలేదు. సవర మాటలో గొంతు దగ్గర ఠక్కున ఆగిపోయే శబ్దం ఒకటుంది. మన అక్షరాల్లో దానికి చోటు లేదు. అలాంటివన్నీ గుర్తించి రాసే పద్ధతి ఏర్పరిచారు. సవర పిల్లలకు వాచకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో బడి పెట్టించారు. పిల్లలను ఇంటికి పిలిచి అన్నం పెట్టి చదువు చెప్పారు. ఆ రోజుల్లో బ్రాహ్మణ గృహస్థు ఇలా చేస్తే అగ్రహారంలో ఏమనుకుంటారో మన పెద్దవారికి చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వం ఆయన పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ము సవర బడులకే వాడమన్నారు. 1913లో రావుబహద్దూర్ బిరుదు వచ్చింది. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు కోశం 1938లో అచ్చయ్యాయి. సవర మాట తెలుగుతో చుట్టరికం లేని ముండా భాషల కుటుంబానికి చెందినది. దాని మీద పనిచేసే పండితులు నేటికీ ఆ పుస్తకాలు తిరగేయక తప్పదు.

ఇక తెలుగు సంగతి. అప్పట్లో బడిలో పిల్లవాడు చేస్తున్నాడు అని రాస్తే తప్పు, చేయుచున్నాడు అని రాయాలి. వచ్చాడు అంటే తప్పు, వచ్చెను అనాలి. చిన్నయసూరి బాలవ్యాకరణమే కొలబద్ద. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషను రాయలేక రైతుబిడ్డలు తెలుగులోనే తెల్లమొహం వేసేవారు. తన భాషలో తనే తప్పడమంటే అంతకన్నా అన్యాయం లేదని ఈ విలేకరి అభిప్రాయం.

1907 ప్రాంతంలో ఈ ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా యేట్స్ అనే దొర వచ్చారు. తాను నేర్చుకున్న తెలుగు ఒకటి, బజారులో జనం మాట్లాడే తెలుగు మరొకటి అయ్యేసరికి ఆయనకు ఆశ్చర్యం కలిగింది. ఈ తేడా ఎందుకని అడిగారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆయనకు జత కలిశారు. నలుగురూ కలిసి, బతికున్న తెలుగులోనే చదువు చెప్పాలని ఉద్యమం లేవదీశారు. స్కూలు ఫైనలు పరీక్షలో వాడుక భాషకు కొంత వీలు దొరికింది.

పండితులు ఊరుకోలేదు. భాష భ్రష్టమైపోతుందన్నారు. జయంతి రామయ్య పంతులు గారు ముందు నిలిచారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసింది. వాదాలు, విన్నపాలు మద్రాసు దాకా వెళ్లాయి. చివరికి గ్రాంథికానిదే పైచేయి అయింది. 1915 నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. ఇక బరువంతా చెవుడుతో ఉన్న ఈ రిటైరు మాస్టరు మీదనే పడింది.

ఆయన వాదించిన తీరు చిత్రమైనది. గ్రాంథికం వద్దని కేకలు వేయలేదు. పాత తాళపత్రాలు, శాసనాలు, పూర్వ కవుల పుస్తకాలు ముందేసుకుని, పెద్ద పెద్ద కవులే వాడుక రూపాలు రాశారని చూపించారు. గ్రాంథికం రాయాలనే పండితుల పుస్తకాలు తీసి, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్లెక్కడెక్కడ తప్పులు చేశారో ఎత్తిచూపారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే పుస్తకమంతా ఆ పనే. వైద్యుడికే రోగముంటే మందెవరిస్తారన్నట్టయింది ఎదుటివారి పని. గిడుగు కాదు పిడుగు అని జనం అన్నది ఇందుకే. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. అదే ఏడాది రాజమహేంద్రవరంలో వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా ఉండడానికి ఒప్పుకున్నారు. కొద్ది నెలలకే వీరేశలింగం గారు పోయారు. అయినా అంతటి పెద్దమనిషి ఇటు నిలబడ్డాడన్న మాట ఊరూరా పాకింది. 1925లో తణుకు సభలో గిడుగు వారు గంటల తరబడి మాట్లాడి ఎదుటి పక్షాన్ని కూడా ఆలోచనలో పడేశారని చెబుతారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. తెలుగువారు విరివిగా ఉన్న పర్లాకిమిడి అటు వెళ్లింది. పాతపట్నం ఇటు మిగిలింది. మధ్యలో మహేంద్రతనయ ఏరు. రామమూర్తి గారు ఈ విభజనను గట్టిగా వ్యతిరేకించారు. జరిగిపోయాక, యాభై ఆరేళ్లు బతికిన ఊరిని, శిష్యులను, సవర కొండలను వదిలి రాజమహేంద్రవరం చేరారు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడో ఏడు నడుస్తోంది. అక్కడే 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. ఇంట్లో మరో పండితుడు తయారయ్యారు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు సవర భాషలోనూ తెలుగులోనూ తండ్రి పని కొనసాగించారు.

రేపు మన హైస్కూళ్లలో పొద్దున తెలుగు దినోత్సవం, సాయంత్రం ధ్యాన్‌చంద్ పేర క్రీడాదినోత్సవం జరుగుతాయి. కొన్ని బళ్లలో పిల్లలచేత గిడుగు వారిని పొగిడే ఉపన్యాసాన్ని కొరుకుడుపడని గ్రాంథికంలో బట్టీ పట్టిస్తుంటారు. మాస్టర్లు ఈ ఒక్క రోజైనా పిల్లలను వాళ్ల మాటల్లో మాట్లాడనిస్తే బాగుంటుంది. సీతంపేట వైపు సవర పిల్లలుంటే వాళ్లను సవరలోనే నాలుగు ముక్కలు చెప్పమనవచ్చు.

1940 జనవరిలో గిడుగు వారు మద్రాసులో ఉన్నారు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. ఆ స్థితిలోనే ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో సంపాదకులను కలిసి, పత్రికల్లో జనం భాష రాయమని కోరారు. వారం తిరిగేసరికి, జనవరి 22న కన్నుమూశారు. పెద్ద దినపత్రికలు పూర్తిగా వాడుక తెలుగులోకి రావడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు పట్టింది.