సైకిళ్ల అంగడిలో విల్బరు రైటు

విల్బరు రైటు పేరు చెప్పగానే చదువరుల కన్నుల యెదుట విమానము నిలుచును. అది న్యాయమే. అయినను ఆయనకు పదేండ్లకు పైగా అన్నము పెట్టినది విమానము కాదు, సైకిలు. పాత సైకిళ్లను విప్పి, కడిగి, అరిగిన భాగములను తీసివైచి, క్రొత్తవి కూర్చి మరల నిలువబెట్టుట ఆయన వృత్తి. ఈ సంగతిని చరిత్ర గ్రంథములు ఒక వాక్యములో ముగించి దాటిపోవుచుండును. మేము ఆ వాక్యము కడనే కొంచెము సేపు నిలువదలచితిమి. మా పాఠశాల ఆవరణమున చెట్టుక్రింద ప్రతి యుదయమున వరుసగా నిలుచు సైకిళ్లను చూచినపుడెల్ల మాకీ మనుష్యుడే జ్ఞప్తికి వచ్చుచుండును.

విల్బరు 1867వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన అమెరికా దేశమందలి ఇండియానా రాష్ట్రములో మిల్‌విల్ అను పల్లెకు సమీపమున జన్మించెను. తండ్రి మిల్టను రైటు యునైటెడ్ బ్రెద్రన్ అను క్రైస్తవ సంఘమునకు బిషప్పు. ఆయన సంఘ కార్యముల నిమిత్తము తరచుగా ఊరూరు తిరుగుచుండెడివాడు. ఇంటిలో పనిముట్లు పట్టిన చేయి తల్లి సుసానుది. ఆమె తండ్రి బండ్లు చేయువాడగుటచే, బాల్యమునుండి ఆ పనిపాకలో తిరిగి సుత్తి, ఉలి వాడుక నేర్చుకొనియుండెను. పిల్లలు విరిగిన వస్తువును పట్టుకొని తల్లి కడకు పోయెడివారు గాని తండ్రి కడకు పోయెడివారు కారట. తమ్ముడు ఆర్విలు 1871లో, చెల్లెలు క్యాథరిను 1874లో ఒహాయో రాష్ట్రమందలి డేటను పట్టణమున జన్మించిరి.

విల్బరు చదువులో దిట్ట. పేరుగన్న యేలు కళాశాలకు పంపవలెనని యింటివారి యాలోచన. 1885-86 చలికాలమున మంచుగడ్డపై హాకీ యాడుచుండగా ఒక కుర్రవాని చేతి కఱ్ఱ ఆయన మొగమునకు తగిలి పై పండ్లు రాలిపోయెను. గాయము మానెను గాని మనస్సు మానలేదు. గుండె దడ పట్టుకొనెను. చదువు మాట నిలిచిపోయెను. ఆ కాలముననే తల్లికి క్షయ ముదిరెను. మూడేండ్లపాటు కుమారుడు ఇల్లు కదలక ఆమెకు పరిచర్య చేయుచు, తీరిక వేళల తండ్రి పుస్తకముల బీరువా నంతయు చదువుచు గడిపెను. 1889 జూలై 4వ తేదీన ఆమె కన్నుమూసెను. అప్పటికి విల్బరునకు ఇరువది రెండేండ్లు. చదువు లేదు, ఉద్యోగము లేదు. తమ్ముడు పెట్టిన చిన్న ముద్రాక్షరశాలలో చేరి, వారపత్రిక నొకదానిని నడుపుటకు సాయపడెను.

సైకిలు వారి యింట అడుగుపెట్టినది 1892లో. దానికి కొలది సంవత్సరములకు ముందువరకు సైకిలనగా ముందొక పెద్దచక్రము, వెనుకొక చిన్నచక్రము గల యెత్తైన బండి. రాయి తగిలిన చాలును, ఎక్కినవాడు తలక్రిందుగా పడెడివాడు. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ యనునతడు రెండు సమాన చక్రములు, వెనుక చక్రమునకు చైను గల రోవరు సైకిలును తెచ్చెను. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు గాలి నింపిన టైరును కల్పించెను. ఈ రెండును కలిసి వచ్చుటతో అమెరికాలో సైకిలు పిచ్చి అంటువ్యాధివలె వ్యాపించెను.

ఆర్విలు క్రొత్త కొలంబియా సైకిలును నూట అరువది డాలర్లకు కొనెను. విల్బరు వేలములో ఈగిల్ అను పాతబండిని ఎనుబది డాలర్లకు పాడుకొనెను. అన్నదమ్ముల స్వభావ భేదము ఈ రెండు బేరములలో తేటతెల్లమగుచున్నదని మాకు తోచును. తమ్ముడు పందెములలో పాల్గొనువాడు. వానికి క్రొత్తదనమును వేగమును కావలెను. అన్న ఊరి వెలుపలి త్రోవలవెంట నిదానముగా దూరము పోవువాడు. వానికి సగము ధరకు దొరికిన గట్టి ఇనుము చాలును.

పాతబండిని కొనుట క్రొత్తదానిని కొనుటకంటె కష్టమైన పరీక్ష. ఈ మాట మేము సొంత డబ్బు పోగొట్టుకొని చెప్పుచున్నాము. ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో మేము ఒక పాతసైకిలును దాని నల్లని మెఱుగు రంగును చూచి మురిసి కొంటిమి. మూడవ వారమున ముందు ఫోర్కు మెడ కడ నూలుపోగువంటి చీలిక బయటపడినది. ఆ రంగు వేసినది అందమునకు కాదు, ఆ చీలికను కప్పుటకు! అటు తరువాత మేము పాతబండిని చూచు పద్ధతి మారినది. మొదట రంగును చూడము. ముందు చక్రమును పైకెత్తి త్రిప్పి, ఫోర్కు నడుమ అది వంకర లేక తిరుగుచున్నదా యని చూతుము. పెడలు కొమ్మును పట్టుకొని ప్రక్కలకు ఊపుదుము. కదలిన యెడల లోపలి గుండ్లు అరిగినవని యర్థము. స్పోకులను రెండేసిగా వ్రేళ్లనడుమ నొక్కి ఏది వదులో తెలిసికొందుము. గొట్టముల అతుకులకడ గోటితో గీచి చూతుము. అమ్మువాడు విసుగుకొనును; విసుగుకొననిమ్ము.

ఇరుగుపొరుగువారు తమ బండ్లను బాగుచేయుడని అన్నదమ్ముల నడుగసాగిరి. చేతి నేర్పు చూచి మఱికొందరు వచ్చిరి. ఆ విధముగా 1893 వసంతకాలమున వెస్ట్ థర్డ్ వీధిలో రైటు సోదరుల సైకిళ్ల అంగడి తెరువబడెను. దానికి వారు పెట్టిన పేరులోనే మార్పిడి యను మాట యుండెను. అనగా పాతబండిని తెచ్చి యిచ్చి, దాని వెలను మినహాయించుకొని క్రొత్తది కొనిపోవచ్చును. ఇంగ్లండునుండి వచ్చిన బండ్లును, అమెరికాలో చేసినవియు పలువిధములవి అక్కడ అమ్మబడుచుండెను. ఒక్కొక్కటి విప్పి చూచిన వారికి ఏ కంపెనీవాడు ఎక్కడ శ్రద్ధ వహించెనో, ఎక్కడ మోసగించెనో తెలియకుండునా? రెండు పాత పెద్దచక్రపు బండ్లను జతచేసి వారు ఇద్దరెక్కు వాహనముగా మార్చిరనియు, దానిని వారు తప్ప మరెవ్వరును నడుపలేకపోయిరనియు ఆ వీధివారు చాలకాలము చెప్పుకొనిరి.

ఇంత జరుగుచున్నను విల్బరు మనస్సు తృప్తి చెందలేదు. 1894లో ఆయన తండ్రికి జాబు వ్రాయుచు, తాను వర్తకమునకు తగినవాడను కానని, ఇప్పటికైనను కళాశాలలో చేరి ఉపాధ్యాయుడను కాగోరుచున్నానని తెలిపెను. తండ్రి ధనసహాయము చేయుదునని ప్రత్యుత్తర మిచ్చెను. అయినను విల్బరు వెళ్లలేదు. ఆ జాబు సంగతి మొదటిసారి చదివినపుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. చేతికి నూనె మరక, గోళ్లలో ఇనుప రజను, మనస్సులో తాను చదువని చదువు. ఇరువది యేడేండ్ల వయస్సున ఆయన తన జీవితము ప్రక్కదారి పట్టినదనియే తలచెను. బల్లపై విప్పియున్న ఆ బండ్లే తన కళాశాల యని అప్పుడు ఆయనకు చెప్పగలవారెవ్వరు?

1896లో అన్నదమ్ములు తమ సొంత సైకిళ్లను చేయ నారంభించిరి. మేలురకమునకు డేటను పట్టణపు తొలి కాపురస్థులలోని తమ పూర్వికుల యింటిపేరున వాన్ క్లీవ్ అనియు, తక్కువ ధరదానికి సెయింట్ క్లేర్ అనియు పేళ్లు పెట్టిరి. గొట్టములు మొదలగువానిని తెప్పించుకొని, ఫ్రేమును తామే అతికి, రంగు వేసి, ఒక్కొక్క బండినే కూర్చెడివారు. దుమ్ము లోపలికి పోనీక, నూనె బయటికి కారనీక నిలుపు హబ్బును తామే కల్పించిరి. పనిపాకలోని లేతు, బెజ్జములు వేయు యంత్రము త్రిప్పుటకు వాయువుతో నడచు చిన్న ఇంజనును సైతము తమ చేతులతోనే చేసికొనిరి. 1900లో తమ బండ్ల యెడమ పెడలునకు ఎదురు మర కోసినట్లు ప్రకటించిరి. కుడిప్రక్కవలెనే యెడమప్రక్కయు మర కోసిన యెడల, త్రొక్కుచున్న కొలది ఆ పెడలు తనంతట తాను వదులై ఊడును. ఎదురు మర యున్నచో త్రొక్కినకొలది బిగియును. నేటి సైకిళ్లకును అట్లే యుండును. మా విద్యార్థులు స్పానరు పట్టుకొని యెడమ పెడలును వృథాగా విప్పజూచుట మేము పలుమారులు కంటిమి. విప్పుచున్నామనుకొని బిగించుచుందురు.

జర్మను దేశమున రెక్కలు కట్టుకొని కొండలమీదినుండి గాలిలో జారుచుండిన లిలియెంతాల్ 1896 ఆగస్టులో పడి మరణించెను. ఆ వార్త విల్బరు మనస్సున నాటుకొనెను. 1899 మే 30వ తేదీన ఆయన వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు వ్రాసి, ఎగురు విద్యపై గ్రంథములను కోరెను. అప్పటి పండితులు పలువురు విమానము నావవలె తనంతట తాను స్థిరముగా నుండవలెనని తలచుచుండిరి. సైకిళ్లవాడు వేరుగా ఆలోచించెను. సైకిలు తనంతట తాను నిలుచునా? నిలువదు, స్టాండు తీసినచో పడును. అయినను పదేండ్ల పిల్లవాడు దానిని జనసమ్మర్దములో నడుపుచున్నాడు. నిలుకడ యంత్రములో లేదు, ఎక్కినవాని యొడలిలోను చేతిలోను ఉన్నది. మలుపు తిరుగునపుడు సైకిలు ప్రక్కకు ఒరుగవలెను. విమానమును అట్లే ఒరుగవలెను. దాని నెట్లు ఒరిగించుట? ఒకనాడు అంగడిలో సైకిలు ట్యూబు వచ్చిన అట్టపెట్టెను చేతపట్టుకొని మాటలాడుచు దాని రెండు కొనలను ఎదురెదురుగా మెలిపెట్టగా, రెక్కలను కూడ ఇట్లే మెలిపెట్టవచ్చునని తోచెను. ఆ పెట్టె వెల యేమీ లేదు.

1900, 1901 సంవత్సరములలో కిటీహాక్ ఇసుకతిన్నెలపై ఎగుర జూచిరి. రెండవ యేట రెక్కలు పట్టికలలో వ్రాసినంత బరువును ఎత్తలేదు. విల్బరు మిక్కిలి నిరాశతో తిరిగి వచ్చెను. అప్పుడు చేసిన పని మాకెంతయు ఇష్టము. ఒక సెయింట్ క్లేర్ సైకిలు హ్యాండిలు ముందు మూడవ చక్రమును అడ్డముగా, స్వేచ్ఛగా తిరుగునట్లు బిగించిరి. దానికి ఒక ప్రక్క వంపు రేకును, మఱియొక ప్రక్క చదును రేకును కట్టి, వీధులలో వేగముగా త్రొక్కిరి. ఎదురుగాలికి రెండును సరితూగవలసిన కోణము పట్టికల ప్రకారము 5 డిగ్రీలు. చక్రము చూపినది 18. పూర్వపు లెక్కలలో ఎక్కడనో తప్పున్నదని తేలెను. వెంటనే ఆరడుగుల పొడవు గల చెక్కపెట్టెలో విసనకఱ్ఱతో గాలి తోలి, రెండువందల వరకు చిన్న రెక్కల నమూనాలను పరీక్షించిరి. ఆ సున్నితమైన త్రాసులను సైకిలు స్పోకు తీగతోను, పాత ఱంపపు బ్లేడులతోను చేసిరి.

1903 యంత్రములో సైకిలు అంగడి అడుగడుగున కనబడును. ఇంజనును చేసినది 1901 నుండి వారానికి పదునెనిమిది డాలర్ల జీతముపై పనిచేయుచుండిన వారి మేస్త్రీ చార్లీ టేలరు. ఇంజను బలము పంకాలకు చేరుట పళ్లచక్రములు, చైనుల మూలమున. పంకాలు రెండును ఎదురెదురుగా తిరుగుటకు ఒక చైనును మెలివేసి ఎనిమిది అంకెవలె పోనిచ్చిరి. పట్టాపై యంత్రమును మోసిన తోపుడు బల్లకు సైకిలు హబ్బులే చక్రములు. పళ్లచక్రములు ఇరుసుపై పదేపదే వదులగుచుండగా, సైకిలు టైరును రిమ్మునకు అంటించు జిగురును పోసి బిగించిరి, పట్టెను. డిసెంబరు 17వ తేదీన మొదట ఆర్విలు 12 సెకండ్లు, 120 అడుగులు ఎగిరెను. నాలుగవసారి విల్బరు 59 సెకండ్లు, 852 అడుగులు పోయెను. ఆ నాలుగేండ్ల ప్రయత్నములకైన వ్యయము వేయి డాలర్లకు లోపేనని వారి లెక్క; అదంతయు అంగడి రాబడి.

1908లో ఫ్రాన్సు దేశమునకు పంపిన యంత్రపు పెట్టెలను విల్బరు తెరచి చూడగా లోపల అన్నియు విరిగి, చినిగి, కలగాపులగముగా నుండెను. సరిగా సర్దలేదని తమ్మునిపై కోపించి జాబు వ్రాసెను. తప్పు రేవులోని సుంకపు అధికారులదని తరువాత తెలిసెను. పనివారి సాయము కొంత తీసికొని, లె మాన్ నగరమందలి కర్మాగారములో ఆయన వారాల తరబడి వానిని తానే కుట్టి, అతికి, నిలబెట్టెను. మధ్యలో ఇంజను వేడినీరు చిమ్మి చేయి కాలెను. ఆలస్యమునకు పత్రికలు నవ్వెను. ఆగస్టు 8వ తేదీన ఆయన ఎగిరి, వలయముగా తిరిగి, దిగినపుడు ఆ నవ్వు ఆగిపోయెను.

కీర్తి వచ్చినది. దానితో వ్యాజ్యములును వచ్చెను. 1906లో పొందిన పేటెంటును కాపాడుకొనుటకై 1909 నుండి ఆయన కాలమంతయు న్యాయస్థానములలో, న్యాయవాదుల గదులలో, రైలు పెట్టెలలో గడచెను. రెంచి పట్టిన చేయి దస్తావేజులు పట్టెను. 1912 మే 30వ తేదీన టైఫాయిడు జ్వరముతో డేటనులోని స్వగృహమున నలుబది యైదవ యేట మరణించెను. అప్పటికి తండ్రికి ఎనుబది మూడేండ్లు.

వెస్ట్ థర్డ్ వీధిలోని వారి చివరి అంగడిని 1937లో హెన్రీ ఫోర్డు ఊడదీయించి మిషిగను రాష్ట్రమందలి డియర్‌బర్నునకు తరలించి మరల కట్టించెను. దానికి ముందు వారుండిన విలియమ్స్ వీధి అంగడి మాత్రము డేటనులోనే నిలిచియున్నది. వాన్ క్లీవ్ బండ్లు కొలదిగా మిగిలినవి. ఎనుబది డాలర్లకు వేలములో పాడిన ఆ పాత ఈగిల్ ఎచ్చటికి పోయెనో! ఎవరో విప్పి, పనికివచ్చు భాగములను మఱియొక బండికి వేసియుందురు.