ఆనకట్ట కట్టిన దొర

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు విననివాడు ఉండడు. ఊరూరా విగ్రహాలున్నాయి. అయితే ఆ గుర్రం మీది మనిషి సేద్యం గురించి ఏమాలోచించాడో మనలో తెలిసినవాళ్లు తక్కువే.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే ఇంజనీరుగా మద్రాసు చేరాడు. తంజావూరు సీమలో చోళులనాటి కల్లణను చూచి, ఇసుక మీద రాతికట్టడం ఎలా నిలుస్తుందో నేర్చుకున్నాడు. ఆ చదువుతోనే 1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టించాడు. మన పూర్వుల పనే ఆయనకు గురువన్నమాట!

ఆనాటి గోదావరి సీమ స్థితి వేరు. పక్కనే నది సముద్రం పాలవుతుంటే రైతు మబ్బుల కేసి చూసేవాడు. 1833 కరువులో జనం మలమల మాడారు. 1839లో ఉప్పెన కోరంగిని ముంచింది. పన్ను మాత్రం తప్పలేదు. 1844లో మాంట్‌గోమరీ ఈ దుస్థితిని విచారించి నివేదిక ఇచ్చాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. 1852కి ఆనకట్ట పూర్తయింది. పనిలో ఆయనకు కుడిభుజం వీణం వీరన్న.

కాలువలంటే తడి ఒక్కటే కాదు, దారి కూడా అని కాటన్ పట్టు. లాకులు పెట్టించి పడవలు నడిచేలా చేశాడు. పండిన ధాన్యం కాకినాడ రేవుకి చేరకపోతే రైతుకి ఒరిగేదేముంది? రైళ్లకి పోసే డబ్బు కాలువలకి పెట్టండని 1878లో పార్లమెంటు కమిటీ ముందూ వాదించాడు. వాళ్లు వినలేదు.

డెల్టా వరిసీమ అయింది, బడులూ మిల్లులూ వచ్చాయి. కానీ కాలువ ఎక్కని మెట్ట మెట్టగానే మిగిలింది. అక్కడి కూలీలు నాట్లకీ కోతలకీ పల్లానికి దిగిరావడం ఎన్నో ఏళ్లు సాగింది. ఒకే జిల్లాలో రెండు బతుకులు! ఈ తప్పు దొరది కాదు, నీళ్లు పల్లమెరుగునని తెలిసీ మెట్టని పట్టించుకోని తర్వాతి వాళ్లది అని నా అభిప్రాయం.

ఉద్యోగం వదిలాక డార్కింగులో స్థిరపడ్డాడు. అక్కడా ఊరుకోలేదు. ముసలితనంలో పెరట్లో నేల లోతుగా తవ్వించి గోధుమ వేసి, కొద్దిచోట ఎంత పండుతుందో లెక్కలు రాసుకునేవాడు. నీరు లేనిచోట నేలనే నమ్ముకోవాలి గదా. 1899 జూలైలో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు.