జెర్సీ దోమల లెక్క తేల్చిన జాన్ బి. స్మిత్

న్యూజెర్సీలో ఉంటున్న మనవాళ్లకు దోమల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వేసవిలో షిఫ్టు దిగి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చుంటే చాలు, కాళ్లు దద్దుర్లే. ఈ దోమల వెనక ఏళ్ల తరబడి తిరిగిన పెద్దమనిషి జాన్ బెర్న్‌హార్డ్ స్మిత్. ఆయన మనవాడు కాదు, మన కాలంవాడూ కాదు. కానీ ఆయన చేసిన పని మన వాకిట్లోకి ఇవాళ్టికీ వస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

స్మిత్ 1858లో న్యూయార్క్‌లో పుట్టారు. లా చదివి కొన్నాళ్లు ప్రాక్టీసు చేశారు గానీ మనసంతా పురుగుల మీదే. వకీలు పని వదిలేసి వాషింగ్టన్‌లోని నేషనల్ మ్యూజియంలో కీటకాల విభాగానికి వెళ్లారు. 1889లో న్యూ బ్రన్స్‌విక్‌లోని రట్గర్స్ కాలేజీకి ప్రొఫెసర్‌గా వచ్చారు.

అప్పట్లో జెర్సీ దోమంటే దేశమంతా నవ్వులాట. దాన్నెవరూ ఏమీ చెయ్యలేరని జనం వదిలేశారు. 1897లో మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక లోకానికి దోమంటే పట్టింపు వచ్చింది. 1902లో న్యూజెర్సీ శాసనసభ దోమల పరిశోధనకు 10,000 డాలర్లు ఇచ్చింది. ఆ పని స్మిత్ చేతిలో పడింది.

దోమలన్నీ ఒకటి కావని, ఒక్కో జాతికి ఒక్కో రకం నీళ్లు కావాలని ఆయన ఓపిగ్గా తేల్చారు. అందులో ఒక దోమ కథ చిత్రమైనది. అక్కడి బురద నేలల్లో కూజాల్లాంటి ఆకులుండే మొక్క ఒకటి ఉంది. వాన నీళ్లు ఆ కూజాల్లో నిలుస్తాయి, పురుగులు అందులో పడి చస్తాయి. లహావే అనే చోట ఉండే ఆయన స్నేహితుడు జె. టర్నర్ బ్రేక్లీ ఆ నీళ్లలో దోమ లార్వాలను గమనించాడు. చలికాలంలో నీళ్లు గడ్డకట్టినా అవి చావవు. 1901లో ఆ దోమకు స్మిత్ పేరే పెట్టారు: వైయోమియా స్మితీ.

ఆ కాసిని నీళ్లలో ఒక పెద్ద సంసారమే ఉంది. చచ్చిన పురుగును బ్యాక్టీరియా కుళ్లబెడుతుంది. బ్యాక్టీరియాను ప్రోటోజోవా అనే సూక్ష్మజీవులు తింటాయి. దోమ లార్వా నోటి దగ్గరి కుచ్చుతో నీళ్లను ఊడ్చి రెంటినీ మింగుతుంది. స్మిత్ పోయిన చాలా ఏళ్లకు, 1970లలో, శాస్త్రవేత్తలు లెక్కపెట్టి చూశారు: లార్వాలు పెరిగితే ప్రోటోజోవా తగ్గుతాయి. అవి తగ్గితే కింద బ్యాక్టీరియా లెక్క కూడా మారుతుంది. అంటే దోమ పిల్ల ఆ నీళ్లలో ఊరికే ఉండదు, నీళ్లనే మార్చేస్తుంది.

ఇది మన పెరటికీ వర్తిస్తుంది. ఆకులు కుళ్లిన బకెట్, పాత టైరు, పూలకుండీ కింద పళ్లెం, ఇవన్నీ లార్వాలకు వడ్డించిన విస్తళ్లే. ఆ తిండియావనే వాటికి ఉరి కూడా. హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే బీటీఐ బిళ్లల్లో ఉండేది ఒక బ్యాక్టీరియానే. లార్వా దాన్నీ తిండే అనుకుని మింగి చస్తుంది.

స్మిత్ చేసిన అసలు పెద్ద పని సముద్రపు ఒడ్డున. ఆటుపోట్లకు మునిగే చిత్తడి నేలలు, మన కోస్తాలో పర్ర భూములంటామే, అలాంటివి అక్కడ మైళ్ల కొద్దీ ఉన్నాయి. అక్కడ పుట్టే ఉప్పునీటి దోమ ఎన్నో మైళ్లు లోపలికి ఎగిరొస్తుందని ఆయన చూపించారు. అంటే ఒక ఊరు తన గుంటలన్నీ పూడ్చుకున్నా లాభం లేదు, దోమ పక్క ఊరి నుంచి వస్తుంది. అందుకే ఊళ్లన్నీ కలవాలని, సర్కారు డబ్బు పెట్టాలని ఆయన పట్టుబట్టారు. 1906లో ఆ నేలల్లో కాలువలు తవ్వడానికి చట్టం వచ్చింది. పది అంగుళాల వెడల్పు, ముప్ఫై అంగుళాల లోతు. బురదలో నిలబడి పారలతో తవ్విన కూలీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మన ఫోరం వాళ్లం కాబట్టి వాళ్లనూ ఇక్కడ తలుచుకుంటున్నాం.

1912 మార్చిలో స్మిత్ కన్నుమూశారు. కౌంటీకో దోమల నిర్మూలన సంఘం ఉండాలనే చట్టం అదే ఏడు వచ్చింది. దాని పని ఆయన చూడలేకపోయారు. ఇవాళ న్యూజెర్సీలోని 21 కౌంటీల్లోనూ దోమల విభాగాలున్నాయి.

1999లో న్యూయార్క్‌లో వెస్ట్ నైల్ జ్వరం బయటపడ్డాక ఇది ఒట్టి దురద సంగతి కాదని తేలిపోయింది. మనలో చాలామంది బేస్‌మెంట్లలో, నలుగురైదుగురు కలిసి ఉండే అద్దె ఇళ్లలో ఉంటున్నాం. వెనకాల నీళ్లు నిలిచినా ఇంటాయన ఏమంటాడోనని నోరు మెదపం. వారానికోసారి బకెట్లు, పళ్లేలు బోర్లించండి, అది మన చేతిలో పని. మన చేతిలో లేని గుంట ఉంటే కౌంటీ దోమల విభాగానికి ఫోన్ చెయ్యండి. ఒక్కరికి జంకుగా ఉంటే ఇంట్లో నలుగురూ కలిసి చెయ్యండి. ఒక్క ఊరి వల్ల కాదని స్మిత్ చెప్పింది ఒక్క మనిషికీ వర్తిస్తుంది కదా.